టార్చి వెలుగులో మచ్చలెందుకు?

కొత్త లైటు గోడ మీద వేస్తే పసుపు వలయం, నీలి అంచు, నడుమ మసక. ఇందులో ఏది పుట్టుమచ్చ, ఏది జబ్బు?

గదిలో దీపాలన్నీ ఆర్పేసి, తెల్లగోడకు మూడడుగుల దూరంలో నిలబడి టార్చిలైటు వెలిగించండి. మూడొందలు పెట్టి కొన్నదైనా, మూడు వేలు పెట్టి కొన్నదైనా గోడంతా ఒకే రంగు వెలుగు పడదు. నడుమ తెల్లటి బొట్టు. దాని చుట్టూ పాలిపోయిన పసుపు వలయం. ఆ బయట కాస్త నీలిఛాయ తగిలిన పలుచని వెలుగు. కొన్ని లైట్లకు బొట్టు నడిమధ్యలోనే మసక. మరికొన్నిటికి గుండ్రటి వెలుగే రాదు, అంచులు గీసినట్టు చతురస్రం పడుతుంది.

ఇది చూడగానే చాలామందికి వచ్చే అనుమానం ఒక్కటే: ‘నాసిరకం సరుకు అంటగట్టాడు’. ఆ కోపంలో మంచి లైటును వెనక్కి పంపేవాళ్లున్నారు. దీనికి తలకిందులుగా, నిజంగా పాడైన లైటును ‘వెలుగుతోంది కదా’ అని ఏళ్ల తరబడి వాడేవాళ్లూ ఉన్నారు. గోడ మీద కనిపించే తేడాల్లో ఎక్కువ భాగం లోపాలు కావు. పొలం గట్టు మీద మనల్ని ఇబ్బంది పెట్టే లోపాలేమో గోడ మీద సరిగా కనిపించవు. టార్చి సంగతి తెలుసుకోవాలంటే ఈ రెండింటినీ విడదీసి చూడాలి.

పసుపు ఎక్కడిది?

ఎల్ఈడీ తనంతట తాను తెల్లటి వెలుగు ఇవ్వదు. లైటు ఆర్పి, ముందు అద్దంలోంచి లోపలికి చూడండి. రిఫ్లెక్టరు అడుగున బియ్యపుగింజంత మేర పసుపుపచ్చటి బిళ్ల కనిపిస్తుంది. వెలుగుతున్నప్పుడు తెల్లగా కళ్లు చెదరగొట్టేది అదే. ఆ పసుపు పూత కింద ఉన్నది నీలం చిప్పు. దాదాపు 450 నానోమీటర్ల తరంగదైర్ఘ్యంతో అది నీలికాంతిని చిమ్ముతుంది. పైన పూసిన పొడి పేరు ఫాస్ఫర్. ఇట్రియం, అల్యూమినియం ఉన్న గార్నెట్ స్ఫటికంలో రవ్వంత సీరియం కలిపి దీన్ని చేస్తారు. నీలికాంతిలో కొంత భాగాన్ని ఈ పొడి మింగి పసుపుగా వదులుతుంది. మిగతా నీలం అలాగే బయటికి వస్తుంది. రెండూ కలిసి కంటికి తెలుపుగా అనిపిస్తాయి.

ఈ ఏర్పాటుకు వయసు ముప్పై ఏళ్లే. కంటికి కనిపించే ఎర్రటి ఎల్ఈడీని అమెరికాలో నిక్ హోలోన్యాక్ 1962లోనే చేసి చూపించాడు. నీలం మాత్రం ఓ పట్టాన లొంగలేదు. గాలియం నైట్రైడ్ అనే పదార్థంతో నాగోయాలో ఇసాము అకసాకి, హిరోషి అమానో ఏళ్ల తరబడి కుస్తీ పట్టారు. తొకుషిమా ప్రాంతంలోని నిచియా కంపెనీలో షుజి నకమురా విడిగా అదే పని మీద కూర్చున్నాడు. 1993లో నిచియా ప్రకాశవంతమైన నీలి ఎల్ఈడీని ప్రకటించింది. మరో మూడేళ్లకు, 1996లో, దాని మీద పసుపు పొడి పూసి తెల్లటి ఎల్ఈడీని బజారులోకి తెచ్చింది. ఆ ముగ్గురికీ 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి దక్కింది. మన చేతిలోని ప్రతి తెల్లటి టార్చి, సెల్‌ఫోన్ వెనకనున్న లైటు, వీధిదీపం దాదాపుగా ఆ నీలం, ఆ పసుపుల సంతతే.

గోడ మీది వలయానికి కారణమూ అక్కడే ఉంది. మందపాటి చెక్కలోకి మేకు నిటారుగా దిగితే చేసే ప్రయాణం తక్కువ, ఏటవాలుగా దిగితే ఎక్కువ. చిప్పు నుంచి సూటిగా ముందుకు వచ్చే కాంతి ఫాస్ఫర్ పూతలో తక్కువ దూరం నడుస్తుంది కనుక నీలం ఎక్కువ మిగులుతుంది. పక్కలకు వంగి బయటపడే కాంతి అదే పూతలో ఎక్కువ దూరం నడిచి మరింత పసుపు పులుముకుంటుంది. అంటే ఒకే చిప్పు, చూసే కోణాన్ని బట్టి రెండు రకాల తెలుపు ఇస్తుందన్నమాట.

ఇప్పుడు రిఫ్లెక్టరు పని చూడండి. సూటిగా వచ్చే కాంతి దానికి తగలదు. నేరుగా గోడ మీద పడి, ఆ విశాలమైన పలుచని వెలుగు అవుతుంది. రిఫ్లెక్టరుకు తగిలేది పక్కలకు పోయే కాంతి. దాన్ని అది మళ్లించి ముందుకు తోస్తే నడిమి బొట్టు తయారవుతుంది. అందులోనూ రిఫ్లెక్టరు అడుగున, చిప్పుకు బాగా దగ్గరగా ఉన్న భాగానికి అన్నిటికంటే పసుపు కాంతి తగులుతుంది. దగ్గరగా ఉండటం వల్ల ఆ భాగం చిప్పు రూపాన్ని పెద్దది చేసి, బొట్టు అంచులు దాటించి మరీ పరుస్తుంది. మీరు చూసే పసుపు వలయం అదే. అది చిప్పు పుట్టుకలో ఉన్న గుణం. డబ్బు వాపసు అడగాల్సిన తప్పు కాదు. ఇంకో చిత్రం. ఎక్కువ వెలుగు పిండటానికి చిప్పు పక్కలకు కూడా ఫాస్ఫర్ పూసిన కొత్త తరం ఎల్ఈడీల్లో ఈ వలయం పాతవాటి కంటే ముదిరింది. వెలుగు పెరిగిందని సంబరపడ్డవాళ్లే గోడ మీద వేసి చూసి మొహం ముడుచుకున్నారు.

జూమ్ లైటు చతురస్రం

ముందు భాగాన్ని లాగితే వెలుగు సన్నబడే జూమ్ లైట్లలో రిఫ్లెక్టరు ఉండదు, ఓ ఉబ్బెత్తు కటకం ఉంటుంది. దాన్ని పూర్తిగా ముందుకు లాగినప్పుడు గోడ మీద పడే చతురస్రం చిప్పు బొమ్మే. శ్రద్ధగా చూస్తే అందులో సన్నటి నల్లగీతలు కూడా దొరుకుతాయి. చిప్పు మీద కరెంటు పంచే లోహపు తీగలవి. అంచుల్లో ఒకవైపు నీలం, ఒకవైపు నారింజ కనిపిస్తే దానికి కారణం కటకం ఒక్కో రంగును ఒక్కోచోట కేంద్రీకరించడం. ఒంటరి కటకానికి తప్పని పని. ఇవేవీ లోపాలు కావు.

ఈ లైట్ల అసలు బలహీనత గురించి ఎవరూ ఫిర్యాదు చేయరు. వెలుగును సన్నగా లాగినకొద్దీ చిప్పు నుంచి పక్కలకు పోయే కాంతి కటకానికి అందక గొట్టం గోడలకు కొట్టుకుని వృథా అవుతుంది. దూరంగా ఉన్న కొబ్బరిచెట్టు మీద వెలుగు గట్టిగా పడేసరికి లైటు బలం పెరిగిందనుకుంటాం. మొత్తంగా బయటికి వచ్చే వెలుగు నిజానికి తగ్గింది. కాళ్ల దగ్గర చీకటి మిగిలింది.

పాత మూడు సెల్లుల బ్యాటరీ లైటు వాడినవాళ్లకు ఇలాంటి బొమ్మలు కొత్త కావు. మూతి తిప్పి ఫోకస్ చేసేటప్పుడు బల్బులోని ఫిలమెంటు వంకర గీతగా గోడ మీద పడేది. వలయాలు, నల్లటి చారలు కుప్పలుగా ఉండేవి. ఎవరూ పట్టించుకోలేదు. ఎల్ఈడీ వెలుగు అంతకంటే శుభ్రంగా ఉండటం వల్లే చిన్న మచ్చ కూడా పట్టుబడుతోంది.

అసలు లోపాలు ఇవి

లైటును గోడకు గురిపెట్టి, దాని ఇరుసు మీద మెల్లగా గుండ్రంగా తిప్పండి. మచ్చ కూడా దానితో తిరిగితే తప్పు లైటులో ఉంది. కదలకుండా ఉంటే గోడలోనో, మీ కంటిలోనో ఉంది. ఇంతకంటే సులువైన పరీక్ష లేదు, కొట్టులో నిలబడే చేసుకోవచ్చు.

బొట్టు ఒక పక్కకు జరిగి, ఒకవైపు పసుపుగా, మరోవైపు నీలంగా ఉండి, లైటుతో పాటు తిరిగిందంటే చిప్పు రిఫ్లెక్టరు నడుమ కూర్చోలేదు. చిప్పు చుట్టూ దాన్ని మధ్యలో పట్టి ఉంచే చిన్న ప్లాస్టిక్ రింగు ఉంటుంది. అది పక్కకు జారినా, బిగించేటప్పుడు నలిగినా ఇలాగే అవుతుంది. ఇది కచ్చితంగా తయారీ తప్పే. బొట్టు నడుమ గుండ్రటి చీకటి ఉంటే చిప్పు ఎత్తు తేడా వచ్చింది, రిఫ్లెక్టరు కేంద్రం కంటే పైకో కిందికో కూర్చుంది. అయితే అడుగు దూరంలో చూసి తేల్చేయకండి. పెద్ద రిఫ్లెక్టరు ఉన్న లైట్లలో దగ్గర గోడ మీద ఈ చీకటి ఉండి, పదిహేను ఇరవై అడుగులు దాటగానే పూడిపోతుంది. నాలుగు చిప్పులు పక్కపక్కనే అమర్చిన ఎల్ఈడీలకైతే వాటి మధ్య సందు వల్ల కూడికగుర్తు ఆకారంలో మసక వస్తుంది, అది మామూలే.

చిప్పు మీద నల్లచుక్క కనిపిస్తే మాత్రం ఉపేక్షించకూడదు. లోపల చేరిన దుమ్ము కణమో, నూలుపోగో ఆ తీవ్రమైన వెలుగుకి మాడిపోతుంది. మాడి నల్లబడ్డది ఇంకా ఎక్కువ కాంతిని పీల్చుకుని ఇంకా వేడెక్కుతుంది, చుక్క పెరుగుతుంది. చిప్పు మీది పారదర్శకమైన గుబ్బ మెత్తటి సిలికోన్. వేలితో తుడిస్తే లోపలి సన్నటి తీగ తెగే ప్రమాదముంది. అన్నట్టు, రిఫ్లెక్టరును కూడా గుడ్డతో తుడవకూడదు. దాని మీద మెరిసేది శూన్యంలో ఆవిరిగా పట్టించిన అల్యూమినియం పొర, గుడ్డ తగిలితే గీతలే మిగులుతాయి. ఒక చెడిపోయిన లైటు రిఫ్లెక్టరు నాకు చూపించిన రిపేరు దుకాణాయన మాట గుర్తుంది: “లైటు చెడింది వాడినాయన వల్ల కాదండీ, శుభ్రం చేసినాయన వల్ల.”

దుమ్ము లేకుండానే చిప్పు గోధుమరంగుకు తిరిగితే బహుశా జిగురు తప్పు. సిలికోన్ గుండా వాయువులు దూరతాయి. లోపల వాడిన నాసిరకం జిగురు నుంచి వచ్చే ఆవిర్లు ఆ పొరలోకి దిగి, నీలికాంతికి రంగు మారి వెలుగును మింగేస్తాయి. కొన్ని సందర్భాల్లో మూత తీసి గాలి తగలనిస్తే ఈ రంగు విరిగిపోవడం కూడా ఉంది.

అన్నిటికంటే చెడ్డ గుర్తు నీలం లేదా ఊదా. తెల్లగా ఉండే లైటు వాడినకొద్దీ నీలం తిరుగుతోందంటే ఫాస్ఫర్ పూత చిప్పు నుంచి ఊడుతోంది లేదా కాలిపోతోంది. నీలికాంతి మార్పు చెందకుండా అలాగే బయటికి వచ్చేస్తోంది. కొన్నేళ్ల క్రితం అమెరికాలోని మిల్వాకీ, కెనడాలోని వాంకూవర్ లాంటి నగరాల్లో వీధిదీపాలు ఒక్కసారిగా ఊదారంగుకు మారి జనాన్ని అబ్బురపరిచాయి. పండగ అలంకారమనుకున్నవాళ్లూ ఉన్నారు. చివరికి తేలింది ఫాస్ఫర్ పొర విడిపోయిందని. చవక టార్చిలో చిన్న చిప్పు మీదికి మోయలేనంత కరెంటు తోసినప్పుడు జరిగేదీ అలాంటిదే. అలాంటి లైటును పిల్లల చేతికి ఇవ్వొద్దు, కంటికి సూటిగా ఆ నీలం మంచిది కాదు.

ఇక అద్దం ఏటవాలుగా చూస్తే ఊదాగా మెరవడం, రిఫ్లెక్టరు లోపల నారింజ తొక్కలా గరుకుగా ఉండటం రెండూ కావాలని చేసినవే. మొదటిది అద్దం వెనక్కి కొట్టే వెలుగును తగ్గించే పూత, రెండోది వలయాలను చెరిపేసే గరుకు. వానాకాలం అద్దం లోపల చెమ్మ పట్టిందంటే మాత్రం రబ్బరు రింగు పోయింది.

గోడ చెప్పనివి

తగ్గించి వాడినప్పుడు కొన్ని లైట్లు వెలుగును తగ్గించవు. సెకనుకు వందలసార్లు ఆరుతూ వెలుగుతూ కంటిని మోసం చేస్తాయి. కదలని గోడ మీద ఇది తెలియదు. లైటు ముందు చెయ్యి వేగంగా ఊపండి, ఒక చేతికి బదులు వరసగా నాలుగైదు చేతులు కనిపిస్తే అదే. ఫోన్ కెమెరాలో చూసినా అడ్డంగా నల్లటి పట్టీలు కదులుతాయి. పుస్తకం చదువుకోవడానికి ఫరవాలేదు గానీ, తిరిగే యంత్రం దగ్గర ప్రమాదం. వేగాలు కుదిరితే తిరుగుతున్న పుల్లీ ఆగి ఉన్నట్టు కనిపిస్తుంది. మోటారు గదిలో, పిండిమర దగ్గర ఇలాంటి లైటు పట్టుకుని బెల్టు మీద చెయ్యి వేయకండి.

రంగు సంగతి ఇంకా ముఖ్యం. నీలం, పసుపు కలిపి చేసిన తెలుపులో ఎరుపు వాటా తక్కువ. తెల్లగోడకు ఎరుపుతో పని లేదు కాబట్టి అక్కడ అది తెలియదు. అదే వెలుగులో అరచెయ్యి చూసుకోండి, రక్తం లేనట్టు పాలిపోయి ఉంటుంది. వైరింగు పనిలో ఎర్రతీగకు, గోధుమరంగు తీగకు తేడా తెలియక తడబడేది ఇక్కడే. రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే కొలత సీఆర్ఐ. వందకు ఎంత దగ్గరగా ఉంటే అంత మేలు. మామూలు టార్చిలు 70 దగ్గర ఉంటాయి. అందులోనూ ఓ మతలబు ఉంది. ఆ అంకె ఎనిమిది లేత రంగుల సగటు మాత్రమే. చిక్కటి ఎరుపును ఆర్9 అనే వేరే పేరుతో కొలుస్తారు, సగటులో కలపరు. 70 సీఆర్ఐ ఉన్న చల్లటి తెలుపు ఎల్ఈడీల్లో ఈ ఆర్9 తరచుగా సున్నాకంటే కిందే ఉంటుంది.

రంగు తేడా తెలియడం షోకు వ్యవహారం కాదు, చీకట్లో పామును గుర్తుపట్టే సంగతి. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని 2020లో ఈలైఫ్ పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. అంటే ఏటా సగటున 58 వేలు. ఎక్కువ భారం పడిన ఎనిమిది రాష్ట్రాల్లో తెలంగాణ కలిసి ఉన్న ఆంధ్రప్రదేశ్ ఒకటి. మరణాల్లో సగం వానాకాలంలోనివే. రాత్రి కరెంటు కోసం కాచుకుని మోటారు వేయడానికి వెళ్లే రోజులు చాలాచోట్ల తగ్గినా, నీళ్లు కట్టడానికి, కళ్లం కాపలాకు, పశువులను చూడటానికి జనం చీకట్లో నడవక తప్పడం లేదు. కట్లపాము నల్లటి ఒంటి మీద తెల్లటి అడ్డగీతలు ఏ వెలుగులోనైనా కనిపిస్తాయి. రక్తపింజర అలా కాదు. ఎండుటాకుల మీద, ఎర్రమట్టి గట్టు మీద దాని గోధుమరంగు మచ్చలు నేలలో కలిసిపోతాయి. గోధుమరంగులను ఒకదాన్నుంచి ఒకటి విడదీసి చూపేది ఆ తక్కువైన ఎరుపే. నీలి తెలుపు వెలుగు ఎంత ఎక్కువున్నా నేలంతా బూడిదరంగు పులిమినట్టు చేసి ఆ తేడాను చెరిపేస్తుందని నా గట్టి అభిప్రాయం.

లైటు పట్టుకునే ఎత్తు కూడా చూపు మారుస్తుంది. తలకు కట్టుకునే లైటు చేతులకు ఖాళీ ఇస్తుంది, నిజమే. కానీ వెలుగు కంటి పక్కనుంచే బయలుదేరుతుంది కనుక ప్రతి రాయి నీడా ఆ రాయి వెనకే దాక్కుంటుంది. నీడ లేని నేల చదునుగా కనిపిస్తుంది, గుంతకూ గట్టుకూ తేడా తెలియదు. అదే లైటును నడుము కంటే కిందికి పట్టుకుంటే చిన్న గడ్డిపరక నీడ కూడా పొడుగ్గా పడి నేల ఎత్తుపల్లాలు బయటపెడుతుంది. పొగమంచులోనూ అంతే. లంబసింగి, అరకు దారుల్లో చలికాలం తలలైటు పెట్టుకుంటే ఎదుట తెల్లటి తెర తప్ప ఏమీ ఉండదు, మంచుబిందువులు వెలుగును తిరిగి కంటికే కొడతాయి. చేతిని కిందికి దించితే దారి దొరుకుతుంది. తలలైటుకు ఒక లాభం మాత్రం ఉంది. పిల్లి కళ్లు, నేల మీది సాలీళ్ల కళ్లు వచ్చిన వెలుగును వచ్చినవైపే తిప్పి పంపుతాయి, అవి మెరవాలంటే లైటు మీ కంటి దగ్గరే ఉండాలి. గడ్డిలో మంచుచుక్కల్లా తళుక్కుమనేవాటిలో కొన్ని సాలీడు కళ్లేనని తెలిస్తే కొందరికి నడక వేగం పెరుగుతుంది.

నడిమి బొట్టు మరీ తీవ్రంగా ఉండటం కూడా లోపమే. కంటిపాప దానికి ముడుచుకుంటుంది, పక్కనున్నదంతా నల్లటి గోడ అవుతుంది. ఆ లైటు ఆర్పాక కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది.

డబ్బా మీది అంకెలు

అమ్మేవాళ్లు అరిచే అంకె ల్యూమెన్లు. అది బయటికొచ్చే మొత్తం వెలుగు, ఎటు పోతుందో చెప్పదు. ఒక దిక్కున వెలుగు ఎంత గట్టిగా ఉందో చెప్పేది క్యాండెలా. ఎంత దూరం పోతుందో చెప్పేందుకు 2009లో అమెరికాలో ఏఎన్ఎస్ఐ ఎఫ్ఎల్1 అనే ప్రమాణం తెచ్చారు. వెలుగు 0.25 లక్స్‌కు, అంటే సుమారుగా నిండు పున్నమి వెన్నెలకు, పడిపోయే చోటునే దాని దూరంగా లెక్కిస్తారు. క్యాండెలాకు వర్గమూలం కట్టి రెండుతో హెచ్చిస్తే మీటర్లు వస్తాయి. 10,000 క్యాండెలాలున్న లైటుకు 200 మీటర్లు. ఆ 200 మీటర్ల దగ్గర మీకు దొరికేది వెన్నెలంత వెలుగే, మనిషిని పోల్చుకోలేరు. దూరం రెట్టింపు కావాలంటే క్యాండెలాలు నాలుగు రెట్లు కావాలి. ఎంతసేపు వెలుగుతుందనే అంకె కూడా వెలుగు పదో వంతుకు పడిపోయేవరకు లెక్క కట్టిందే. వెలిగించిన కొద్ది నిమిషాలకు లైటు తనంతట తాను తగ్గితే కంగారు పడొద్దు, వేడి నుంచి చిప్పును కాపాడుకుంటోంది. అరచేతిలో పట్టే లైటు మీద లక్ష ల్యూమెన్లని రాసి ఉంటే ఆ డబ్బాను కింద పెట్టేసి వచ్చేయండి.

పొలానికి, ఊరి దారికి కొనేవాళ్లకు నా సలహా: 300 నుంచి 500 ల్యూమెన్లు చాలు. రంగు ఉష్ణోగ్రత 4,000 నుంచి 5,000 కెల్విన్ల మధ్య, సీఆర్ఐ 90కి తగ్గకుండా చూడండి. గరుకు రిఫ్లెక్టరు ఉన్నదైతే కాళ్ల దగ్గరా వెలుగు ఉంటుంది. అలాంటివి బజారులో ఉన్నాయి, కాకపోతే మన ఊరి కొట్లలో అడిగేవాళ్లు లేక తెప్పించడం లేదు. డబ్బా మీద సీఆర్ఐ అంకె కనిపించకపోతే కొట్టాయన్ని అడగండి, కంపెనీ కస్టమర్ కేర్ నంబరుకు ఫోన్ చేసి అడగండి.